అమావాస్య పూట కొలిచిన గాలి

కాలిన రబ్బరు వాసన మనిషిని అంత తేలిగ్గా వదలదు. సబ్బుకు పోదు, షాంపూకు పోదు, రెండుసార్లు ఉతికినా చున్నీ మడతల్లోంచి పోదు. సాయంత్రం హిందూపురంలో బస్సెక్కితే పక్కసీటామె ఒకసారి నావైపు చూసి కిటికీ దగ్గరికి జరిగేది. నాకు కోపం వచ్చేది. ఆమె మీద కాదు. నా చేత ఆ వాసన మోయించేవాళ్ళ మీద.

పొగ లెక్కలు కట్టడం నా ఉద్యోగం. ఫలానా ఫ్యాక్టరీ గాలిలోకి ఎంత దుమ్ము వదులుతుంది, ఎంత విషవాయువు వదులుతుంది అని అంచనా కట్టి కాగితం ఇచ్చే ప్రైవేటు ల్యాబులో పనిచేసేదాన్ని. చుట్టాలకు మా అమ్మ నన్ను 'గాలి డిపార్టుమెంటు' అని పరిచయం చేసేది. గాలి మాటలు, గాలి తిరుగుళ్ళు అని మా మామలు ఆటపట్టించేవాళ్ళు. అప్పుడు నవ్వేదాన్ని. ఆ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ నేను చూసిందంతా గాలి మాటలేనని తర్వాత అర్థమైంది.

కాలేజీలో మా సారు ఒక లెక్క ఇచ్చాడు. కొన్ని దేశాల్లో ఒక రకం నల్లరాయి ఉంటుందట. దాన్ని పగలగొట్టి, పెద్ద పెద్ద డ్రమ్ముల్లో వేసి ఉడికిస్తే నూనె కారుతుందట. అలాంటి చోట పొగ ఎక్కడెక్కడ పుడుతుందో, ఎంత పుడుతుందో కట్టమన్నాడు. క్లాసంతా చిమ్నీ ఒక్కటే రాసింది. ఆయన కాగితాలు విసిరికొట్టి, "చిమ్నీ కాదర్రా, మూత తీసినప్పుడు ఏమవుతుందో చూడండి" అన్నాడు. నా చదువు మొత్తంలో నాకు గుర్తున్న పాఠం అదొక్కటే.

మా జిల్లాలో రాళ్ళకేం కొదవ? పెనుకొండ కొండెక్కి నిలబడితే కనుచూపు మేరా రాళ్ళే. కానీ వాటిని ఎన్నాళ్ళు ఉడికించినా చుక్క నూనె రాదు. అందుకని మావాళ్ళు టైర్లు ఉడికిస్తున్నారు. అరిగిపోయిన లారీ టైర్లు, ట్రాక్టరు టైర్లు, ఎక్కడెక్కడి నుంచో లోడ్లకు లోడ్లు వస్తాయి. పెనుకొండ దాటి ధర్మవరం వైపు పోతుంటే, రైలు పట్టాలకు అవతల, ధర్మవరం చివరి వీధులకు చిమ్నీ కనిపించేంత దూరంలో, ఒకప్పుడు వేరుశనగ పండిన మెట్టభూమిలో ఉంది ఆ ప్లాంటు. ఇల్లంత ఇనుప డ్రమ్ములో టైర్లు కుక్కుతారు. తలుపు వేసి బోల్టులు బిగిస్తారు. కింద మంట పెడతారు. ఆవిరి చల్లబడితే నూనె. డ్రమ్ములో మిగిలేది ఇనుప తీగలు, నల్లటి పొడి. వేసిన బరువులోంచి ఈ మూడూ తీసేస్తే మిగిలేది గాలిలోకి పోయినట్టు. కొంత గ్యాసును మళ్ళీ పొయ్యిలోనే మండిస్తామంటారు. మండనిది ఎక్కడికి పోతుందని అడిగితే మాట మారుస్తారు.

అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మా చిన్నమ్మ ఇంటికి పోతుంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ధర్మవరంలో, ఊరి చివర మగ్గాల వీధిలో ఉంటుంది. చిన్నాయన పోయాక కూడా మగ్గం ఆపలేదు. ఆ వీధిలో తెల్లటి పట్టు నేయాలంటే ఆమే నేయాలి. ముహూర్తం చీరలు, పాలమీగడ రంగు చీరలు, పెళ్ళికొడుకుల పట్టుపంచెలు. తెల్లపట్టు నేసే చేతికి చెమట పట్టకూడదంటారు. మా చిన్నమ్మ చేతులు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె చేయి నుదుటి మీద పెట్టించుకునేవాళ్ళం.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును వీధి పొడవునా చాపాలి. పట్టుపోగులు నిలువునా సాగదీసి, తెగినచోట అతికి, దువ్వి, మళ్ళీ చుట్టుకోవాలి. ఇంట్లో అంత చోటు ఎవరికీ ఉండదు కాబట్టి తెల్లవారాక వీధి మొత్తం పడుగులే. స్కూటర్లవాళ్ళు దిగి నడిపించుకుంటూ పోతారు. ఎవరూ విసుక్కోరు. ఆ పడుగు మీద పడేది ఈ ప్లాంటు మసి. ఆవగింజలో సగం కూడా ఉండదు. కానీ జిడ్డు. వేలితో తుడిస్తే పోగు వెంట గీతలా సాగిపోతుంది. దూదిని పెట్రోలులో ముంచి ఒక్కో చుక్కనూ అద్ది అద్ది తీయాలి. ఒక్కటి కంటపడకుండా మిగిలిందా, పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారు చీరను వెలుతురుకు పట్టి 'డ్యామేజీ' అని పక్కన పడేస్తాడు. వీధిలో చాలామంది ముదురు రంగులకు మారిపోయారు. చిన్నమ్మ మారలేదు. ఆమెకు తెల్లపట్టు తప్ప షావుకారు ఇంకొకటి ఇవ్వడు, ఆమె అడగదు.

ఇలా ఉండగా ప్లాంటు ఓనరు ఇంకొన్ని డ్రమ్ములు పెట్టి రెట్టింపు చేస్తానని దరఖాస్తు పెట్టాడు. ఆ దరఖాస్తుకు కావలసిన పొగ అంచనా మా ల్యాబుకు వచ్చింది. మా బాసు ఫైలు నా టేబులు మీద పెట్టిన వారంలోనే చిన్నమ్మకు తెలిసిపోయింది. మా అమ్మ ఉండగా రహస్యాలేముంటాయి?

"నువ్వే గదే లెక్క కట్టేది?" అంది చిన్నమ్మ, నాకు బొరుగుల ఉగ్గాని పెడుతూ. "నేను ఎక్కువ రాయమనలేదు, తక్కువ రాయమనలేదు. ఉండేది ఉండేటట్టు రాయి. ఈ మసికే సచ్చిపోతాండా. ఇంత ఇంకోటి పడితే నేను మగ్గం పీకేసుకోవాల్సిందే పాపా."

ఉన్నదున్నట్టు రాయడంలో కష్టమేముంది అనుకున్నాను.

మా బాసుకు ఎప్పుడూ నోట్లో సోంపు ఉండేది. మాట్లాడితే సోంపు వాసన, దాని వెనకాల అబద్ధం. కొలతకు పోయే రోజు ఆయనే నిర్ణయించాడు. ప్లాంటు గేటు దగ్గర జీపు దిగేసరికి బూడిద గుమ్మడికాయ పగిలి ఉంది. ముక్కల మధ్య కుంకుమ, మధ్యలో కర్పూరం. నిమ్మకాయలు లారీ చక్రాల కింద నలిగి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు అమావాస్య. మా వైపు చాలా ఫ్యాక్టరీల్లో అమావాస్యనాడు యంత్రానికి దిష్టి తీసి విశ్రాంతి ఇస్తారు. ఇక్కడా అంతే. అమావాస్యనాడు టైర్లు వేయరు, డ్రమ్ము తలుపు తెరవరు. ఖాళీ డ్రమ్ము కింద రెండు మొద్దులు వేసి మండిస్తారు, పొయ్యి చల్లారకూడదని.

నేను చిమ్నీ నిచ్చెనెక్కి, రంధ్రంలోంచి గొట్టం లోపలికి పెట్టి, మిషను నడిపించాను. పైన గాలి హాయిగా ఉంది. దూరంగా ధర్మవరం మిద్దెలు మెరుస్తున్నాయి. ఫిల్టరు పేపరు తీసి చూస్తే, పెళ్ళి శుభలేఖంత శుభ్రంగా ఉంది.

కిందికి దిగి ప్లాంటు మేనేజరును అడిగాను. "టైర్లు లేకుండా కొలిస్తే ఏం వస్తాదప్పా?"

"మేడమ్, అమావాస్య పూట డోరు ముట్టుకోము. ముందు నుంచి అట్లే. మీ సారుకు తెలుసు గదా" అన్నాడు.

మా బాసుకు తెలుసు. తెలిసే ఆ రోజు పెట్టాడు. అది ఆ ఒక్క ప్లాంటుతో మొదలైంది కూడా కాదు. పాత ఫైళ్ళు తీసి చూస్తే ఏ ప్లాంటుకు పోయినా అమావాస్యకే పోయారు. ల్యాబులో నాకంటే ముందు చేరినవాళ్ళు దానికి పేరు కూడా పెట్టుకున్నారు, 'పూజ రీడింగు' అని. నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. దేవుడికి కొట్టిన గుమ్మడికాయను కూడా ఇంత నీచానికి వాడుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే వెలిగింది. మగ్గాల వీధిలో కూడా అమావాస్యకు మగ్గం ముట్టరు, పడుగు చాపరు. అంటే ఆ ఒక్క రోజు మసి పడలేదని గమనించడానికి అక్కడ ఎవరూ ఉండరు. నెలకొకసారి ఆ వీధి మీద గాలి శుభ్రంగా వీస్తుంది, చూసే కళ్ళన్నీ తలంటు పోసుకుని అన్నం తిని నిద్రపోతుంటాయి.

"సార్, మామూలు రోజు ఇంకొకసారి కొలవాలి" అన్నాను.

బాసు సోంపు నమిలి, "ఏమ్మా, మిషను అబద్ధం చెప్తాదా?" అన్నాడు.

"మిషను చెప్పదు సార్."

"మరింక ఏం? లెక్క అందంగా వచ్చింది. అందంగా ఉండే లెక్కను చెడగొట్టుకోవద్దు."

నేను చెడగొట్టాను. ఆయన తిరుపతికి పోయిన వారంలో మిషన్లు ఆటోలో వేసుకుని, ముందుగా ఎవరికీ ఫోను చేయకుండా ప్లాంటుకు పోయాను. గేటు దగ్గర మేనేజరు మొహం వాడిపోయింది. కానీ ల్యాబు గుర్తింపు కార్డు చూపిస్తే ఆపలేకపోయాడు.

ఆ రోజు చూసింది నేను మర్చిపోదామన్నా మరుపు రాదు. చిమ్నీ నల్లగా కక్కుతోంది. అయినా చిమ్నీ నయం. డ్రమ్ము పూర్తిగా చల్లారాక తెరవాలని ప్లాంటువాళ్ళ కాగితాల్లోనే రాసి ఉంది. చల్లారేదాకా ఆగితే తర్వాతి లోడు ఆలస్యమవుతుంది కాబట్టి వేడి మీదే బోల్టులు విప్పారు. తలుపు రవ్వంత కదలగానే లోపలి నుంచి పసుపు కలిసిన నల్లటి పొగ దబ్బుమని బయటపడింది. పొడి తీసేవాళ్ళు తువ్వాలు మూతికి కట్టుకుని లోపలికి వంగారు. వాళ్ళ కనురెప్పలు, చెవులు, గోళ్ళు అన్నీ నలుపు. ఒకాయన దగ్గి ఉమ్మితే ఉమ్ము కూడా నల్లగా ఉంది. తలుపు ఎదురుగా స్టాండు మీద పెట్టిన నా ఫిల్టరు పేపరు చూస్తుండగానే పెనం అడుగులా మారిపోయింది. పొగ షెడ్డు కప్పు సందుల్లోంచి లేచి, నింపాదిగా ధర్మవరం వైపు వంగింది. మా కాలేజీ సారు విసిరికొట్టిన కాగితాలు గుర్తొచ్చాయి. ఒక మూల కూర్చుని వాంతి చేసుకున్నాను. మేనేజరు నీళ్ళ బాటిలు తెచ్చిచ్చాడు. దాని మూత మీద కూడా మసి ఉంది.

రెండు రోజులు కూర్చుని అంచనా కట్టాను. ఎంత టైరు లోపలికి, ఎంత నూనె, ఎంత పొడి, ఎంత తీగ బయటికి. చిమ్నీలోంచి ఎంత, తలుపులోంచి ఎంత. రెట్టింపు చేస్తే ఎంత. తలుపు ముందు చిమ్నీ చిన్నపిల్లలా కనిపించింది. పూజ రీడింగుతో పోల్చడానికే సిగ్గేసింది.

బాసు చదివాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తలుపు లెక్క మొత్తం కొట్టేసి, "తలుపు చిమ్నీ కాదు గదమ్మా, మనల్ని అడిగింది చిమ్నీ" అన్నాడు. నా చిమ్నీ కొలతను చివరి పేజీలోకి తోశాడు. దానికి పైన ఒక శీర్షిక పెట్టాడు. 'అసాధారణ పరిస్థితుల్లో తీసిన కొలత.' అమావాస్య కొలతకు పెట్టిన శీర్షిక 'సాధారణ పరిస్థితి.' నెలలో ఒక్కరోజు సాధారణమట, మిగతా రోజులన్నీ అసాధారణమట. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాం. మసి తుడిచేసి మారేడుకాయ చేయడం మా ల్యాబులోనే చూశాను.

నేను సంతకం పెట్టనన్నాను. ఆయనే పెట్టుకున్నాడు.

కానీ అనుమతులిచ్చే పై ఆఫీసులో ఎవరో ఆ చివరి పేజీ దాకా తిప్పారు. రెండు కొలతలకు ఇంత తేడా ఎందుకుంది, ఊరివైపు గాలిని కూడా కొలిచి పంపండి అని కాగితం వచ్చింది. నేను ఆ కాగితం చూసి అన్నాళ్ళకు కడుపునిండా అన్నం తిన్నాను. చిన్నమ్మకు ఫోను చేసి చెప్పాను. మీ వీధిలో మిషను పెడతారు, ఇక అబద్ధమాడటానికి వీల్లేదని.

ఆ నెలలోనే ఓనరు ఇంట్లో పెళ్ళి కుదిరింది, కొడుకుది. తెల్లపట్టు కావాలంటే ధర్మవరంలో ఎవరిని అడిగినా చిన్నమ్మ ఇల్లే చూపిస్తారు. మేనేజరే వచ్చాడు. నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. నన్ను చూసి రవ్వంత తడబడ్డాడు, తర్వాత సర్దుకుని కూర్చున్నాడు. పెళ్ళికూతురుకు ముహూర్తం చీర, పెళ్ళికొడుక్కు పట్టుపంచె. రెండూ తెలుపే. రెండింటికీ జరీ అంచులు వేరు కాబట్టి పడుగులు వేరు వేరు.

"దుడ్ల సంగతి నువ్వు ఆలోచించొద్దమ్మా. ఒక్క చుక్క ఉండకూడదు, అంతే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ వీధిలో చాపొద్దు. మసి పడతాది. కదిరిలో మాకు ఒక గోడౌను ఉండాది. ఆడ మగ్గం ఏర్పాటు చేస్తాం" అన్నాడు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఇక్కడ దొంగ ఎవరని ఎవరూ అడగను కూడా లేదు.

"మసా?" అంది చిన్నమ్మ. "యాడిది మసి? మీ కాగితాల్లో లేదంట గదప్పా. మా పాప చెప్పింది."

మేనేజరు కాఫీ తాగుతున్నట్టు గ్లాసులోకి చూశాడు. గ్లాసు ఖాళీగా ఉంది.

"నేను యాడికీ రాను. నా మగ్గం ఈడ ఉండాది, ఈడే నేస్తా" అంది చిన్నమ్మ.

రెండు రోజుల తర్వాత ఫోను వచ్చింది. సరే, ఇక్కడే నేయండి. కాకపోతే పడుగు చాపే రోజు ముందుగా చెప్పండి. ఆ పూట ప్లాంటు ఆపేస్తాం.

వీధి వీధంతా పండగ చేసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆపడం కుదరదు, ఆపితే నష్టం, అన్ని కుటుంబాలు రోడ్డున పడతాయి అని అన్నేళ్ళూ చెప్పినవాళ్ళు ఒక పెళ్ళిచీర కోసం ఆపేస్తారట. చిన్నమ్మ చెప్పిన రోజు పొద్దున నిజంగానే ఆపేశారు. ఆకాశం కడిగినట్టు ఉంది. ఒక్క పడుగు చాపాల్సిన చోట వీధిలో ఉన్న లేత రంగు పడుగులన్నీ బయటికొచ్చాయి. ఆడవాళ్ళు పోగులు అతుకుతూ పాటలు పాడుకున్నారు. పెట్రోలు సీసా మూత తీసే పనే లేకపోయింది.

అప్పుడు వీధి మొగదలలో మా ల్యాబు జీపు ఆగింది.

బాసు దిగాడు. వెనక మేనేజరు దిగాడు. "ఏమ్మా, ఈడే ఉన్నావా, మంచిదైంది. ఊరివైపు గాలి కొలవమన్నారు గదా, ఈ రోజు వీలైంది. మిషను పెడదాం పట్టు" అన్నాడు బాసు. జేబులోంచి సోంపు తీసి నాకు కూడా పెట్టబోయాడు.

ప్లాంటు ఆగిన రోజే కొలిస్తే ఏం తేలుతుందో చిన్నమ్మకు తట్టలేదు. తన వీధి కష్టం కొలవడానికి వచ్చారని పొంగిపోయింది. "రాండప్పా, మా మిద్దె మీదనే పెట్టుకోండి. కరెంటు కూడా మా ఇంట్లోనే తీసుకోండి" అని ఎదురుపోయింది. మిషను మోసుకొచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చింది. దాని వైరును తన మగ్గం పక్కనున్న ప్లగ్గులో తానే పెట్టింది.

నేను బాసును మెట్ల దగ్గర ఆపాను. "సార్, ఈ రోజు ప్లాంటు నడవడం లేదు."

"ఎవరు చెప్పినారు? మేనేజరు గారు నడుస్తాండాదని రాసిచ్చినారు." కాగితం చూపించాడు. ఇంకా సిరా కూడా ఆరలేదు.

"చిమ్నీ వైపు చూడండి సార్. మీకు కళ్ళున్నాయి గదా."

"గమ్మునుండమ్మా. నీకు ఉద్యోగం కావాలా, చిమ్నీ కావాలా?"

రోత అనే మాటకు అర్థం నాకు ఆ మెట్ల మీద తెలిసింది. ఆయన చెప్పులు, ఆయన గుండీలు, పళ్ళ సందులో ఇరుక్కున్న సోంపు గింజ, అన్నీ రోతగా కనిపించాయి. గుర్తింపు కార్డు మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని మిద్దె ఎక్కాడు. మిషను పైన గుర్రుమంటూ చిన్నమ్మ కరెంటుతో నడుస్తూనే ఉంది.

ఫిల్టరు పేపరు తెల్లగా వచ్చింది. వీధిలో గాలి బ్రహ్మాండంగా ఉందని తేలింది. ప్లాంటు రెట్టింపుకు అనుమతి వచ్చిందని పేపర్లో చదివాను. పై ఆఫీసువాళ్ళు ఈసారి కూడా పట్టుకుంటారులే అనుకుని అన్నాళ్ళూ చిన్నమ్మకు చెప్పకుండా దాచాను. మర్నాడు రైలెక్కి ధర్మవరం పోయి మొత్తం చెప్పాను. ఏ రోజు కొలిచారో, ఎందుకు ఆ రోజే కొలిచారో.

ఆమె మగ్గం మీద ఇంకో చీర నేస్తోంది. పెళ్ళికూతురు చీర అప్పటికే నేసి ఇచ్చేసింది. పాల నురగలాగా ఉందని ఓనరు భార్య మెచ్చుకుందట. అడ్డపోగు తిప్పే నాడెను చేతిలో ఆపి, నా మాట పూర్తయ్యేదాకా విన్నది.

"అంటే నా పడుగును చూపించి నా వీధిని అమ్ముకున్యారా?"

"అవును చిన్నమ్మా."

"నా మిద్దె మీదనే పెట్టించుకుంటిని గదే. మజ్జిగ కూడా ఇస్తిని." తర్వాత తిట్టింది. నన్ను, బాసును, మేనేజరును, మా చదువుల్ని, మా మిషన్లను. ఆమె నోట అలాంటి తిట్లు నేను ముందెప్పుడూ వినలేదు. తిట్టి తిట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నేతలో పడింది.

పంచె పడుగు చాపాల్సిన రోజు దగ్గరపడింది. మేనేజరు రెండుసార్లు ఫోను చేశాడు. ఏ రోజో చెప్పమ్మా, ఆపిస్తాం అని. చిన్నమ్మ, చెప్తాలే అప్పా, ఇంకా పోగు రాలేదు అంది. పోగు అటక మీద ఉంది. ఒక మంగళవారం, ముందే బిగించి పెట్టుకున్న కొత్త డ్రమ్ములు కూడా మొదలై, పాతదీ కొత్తదీ చిమ్నీలు రెండూ కక్కుతుండగా, పొద్దున్నే పడుగు తెచ్చి వీధిలో చాపింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"ఏమక్కా, ఈ పొద్దు చాపుతాండావు? యాడ చూసినా పొగే గదా!"

"చాపనీలే" అంది.

మసి ఎప్పటిలాగే పడింది, ఎప్పటికంటే ఎక్కువగా పడింది. చిన్నమ్మ పోగులు అతికింది, దువ్వింది, చుట్టింది. దూది తీయలేదు. నేను పెట్రోలు సీసా తెస్తే, ఉన్నచోట పెట్టమంది. తెల్లపట్టు మీద చుక్క కనిపిస్తే అన్నం ముట్టని మనిషి, ఆ చుక్కలతోనే మగ్గం ఎక్కించి, అంచు ఎంత శ్రద్ధగా నేయాలో అంత శ్రద్ధగా నేసింది. జరీ ఎక్కడా తప్పలేదు. ఇది ఇచ్చాక ఆమెకు తెల్లపట్టు ఇంకెవరూ ఇవ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసని ఆమె మొహం చూస్తే అర్థమవుతోంది.

పంచె ఇవ్వడానికి హిందూపురంలో ఓనరు ఇంటికి ఇద్దరం కలిసి పోయాం. పెళ్ళి ఇల్లు. పందిరి వేస్తున్నారు. హాల్లో చల్లగా ఏసీ, అగరొత్తుల వాసన, గాలి శుభ్రం చేసే తెల్ల డబ్బా ఒకటి మూలన తిరుగుతోంది. ఓనరు స్వయంగా వచ్చాడు. మర్యాదగల మనిషి. చిన్నమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి పంచె తీసి, మడత విప్పి, ఆయన రెండు చేతుల మీద పరిచింది.

ఆయన అంచు చూసి సంతోషపడ్డాడు. తర్వాత మధ్యలో చూశాడు. గోరుతో ఒక చుక్కను గీకాడు. అది పోలేదు, సాగింది. ఇంకోటి గీకాడు. అదీ సాగింది. బొటనవేలికి అంటిన నలుపును చొక్కాకు తగలకుండా దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏందమ్మా ఇది? దీన్ని మావాడు పెండ్లిపీటల మీద ఎట్ల కట్టుకుంటాడు?"

చిన్నమ్మ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"మేము దినామూ పీలుస్తాండాం గదప్పా. మీవాడు ఒక్కపూట కట్టుకోలేడా?"